కిరాయి మెప్పులు

బీర్పూర్ గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి కొలువు, దిగువన రోళ్లవాగు ప్రాజెక్టు, ఉత్తరాన గోదావరి. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లాతో పాటే మండల కేంద్రమైన ఊరు. ఇక్కడి నుంచి కోరుట్ల దిక్కు పోయినా, సిరిసిల్ల దిక్కు పోయినా వలస తెలియని వాడకట్టు కనిపించదు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన తరం ఒకటి. మరుసటి నెలలో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక ఊరు విడిచిన తరం ఒకటి. మరమగ్గాల సాంచాలు ఆగినప్పుడల్లా భివండికి, సూరత్‌కు బండెక్కిన నేత కార్మికులు, పొలం కుదువబెట్టి దుబాయి పోయిన రైతు కొడుకులు. యాభై ఏళ్లుగా ఈ నేల తన పిల్లల్ని పంపుతూనే ఉంది.

ఎవరు ఎటు పోయినా వాళ్లకంటే ముందు ఒక మనిషి మాట నడిచేది. ‘‘మా బావమరిది ఆడ్నే ఉన్నడు. రూము మంచిగున్నది, ఓటీ దొరుకుతది’’ అని ఒకడంటే ఇంకొకడు పాస్‌పోర్టుకు ఫొటోలు దిగేవాడు. అట్లా చెప్పినవాడు రేపు ఊరికి రావాల్సినవాడే. మాట తేడా వస్తే పెండ్లిలోనో, దినాల్లోనో, కల్లు మండువ దగ్గరో పదిమందిలో నిలబడి జవాబు చెప్పాల్సినవాడే. ఆ రోజుల్లో మోసం లేకపోలేదు. ఎక్కడైనా పనిచేసుకోవచ్చని చెప్పి, ఆజాద్ వీసా పేరుతో లక్షలు గుంజిన ఏజెంట్లు ఉన్నారు. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా చేతిలో పెట్టినవాళ్లు ఉన్నారు. ఎడారిలో కాగితాల్లేని ఖల్లివెల్లి అయి, క్షమాభిక్ష ఆమ్నెస్టీ ఎప్పుడు పెడతారా అని ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. అయినా ఆ మోసగాడికి ఒక ముఖం ఉండేది, ఒక ఊరుండేది, పోయి కూర్చుని ‘నా పైసలు నాకియ్యి’ అని అడిగేందుకు ఒక అరుగు ఉండేది.

ఇప్పుడు అది కూడా పోయింది. మనిషికి మనిషి ఇచ్చే సాక్ష్యం కూలిపోయిన కథ ఇది. మొదట చాలా దూరంలో, అద్దాల భవనాల్లో మొదలై, చివరికి మన జిల్లాల పిల్లల మీద వచ్చి పడింది. అందుకే దాన్ని మొదటి నుంచి చెప్పుకోవాలి.

2003 మే 5న అమెరికాలో లింక్డిన్ తెరుచుకున్నప్పుడు దాని పునాదిలో ఉన్నది కూడా ఊరి నమ్మకమే. రీడ్ హాఫ్‌మన్, ఆయన సహచరులు కట్టిన ఆ సైటులో ఉద్యోగులు, యజమానులు తమకు తెలిసినవాళ్లతో జతకడతారు. తెలియని మనిషిని కలవాలంటే మధ్యలో ఇద్దరికీ తెలిసినవాడు పరిచయం చేయాలి. ‘ఈయన నాకెరుక, పనిమంతుడు’ అని మధ్యవాడు తన పేరును పూచీగా పెట్టాలి. పూచీ పెట్టేవాడికి పోయేది ఉంది గనకే ఆ మాటకు విలువ. గల్ఫ్ వలసను నడిపిన బావమరిది సూత్రమే కంప్యూటరెక్కింది.

ఆ సైటు మన పిల్లలకు ఎందుకు అంతగా నచ్చిందో అర్థం చేసుకోవాలంటే కొండగట్టు దగ్గర నాచుపల్లి దాకా రావాలి. 2007లో అక్కడ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు. చుట్టుపక్కల మండలాల్లో ఇంజినీరింగ్ చదివిన మొదటి తరం పిల్లలకు నాన్న పంపిన దిర్హాములో రియాళ్లో, అమ్మ చేసిన బీడీలో ఆసరా అయ్యాయి. బీడీల పనంటే ఊరికే అయ్యేది కాదు. తునికాకును నీళ్లలో నానబెట్టాలి. రేకు కొలతకు కత్తెరతో కత్తిరించాలి. ఒడిలో చాట పెట్టుకుని చిటికెడు తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కొసలు మడవాలి. వెయ్యి పూర్తయితేనే కూలి లెక్క. అట్లా మెడ వంచి చదివించిన తల్లికి హైటెక్ సిటీలో తెలిసినవాళ్లు ఎవరుంటారు? పెద్ద కాలేజీ పిల్లలకు సీనియర్లు ఉంటారు, మామయ్యలు ఉంటారు, నాన్న స్నేహితులు ఉంటారు. బీడీ చాట ముందు నుంచి లేచివచ్చిన పిల్లవాడికి ఎవరూ లేరు. నీ పని నలుగురికీ కనబడేట్టు పెట్టు, నీకు పరిచయాలు మేమిస్తాం అని ఆ సైటు అన్నది. అది చిన్న మాట కాదు.

2016 జూన్‌లో లింక్డిన్‌ను 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ కంపెనీకి అధిపతి బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల. ఆ వార్త చదివి సంబరపడని తెలుగు విద్యార్థి లేడు. 2023 నాటికి భారతదేశంలో ఆ సైటు సభ్యులు పది కోట్లు దాటారు. అమెరికా తర్వాత అంతమంది ఉన్న దేశం మనదే. ఆ పది కోట్లలో మారుమూల మండలాల పిల్లలు ఎందరో. కోటు తొడిగి ఫొటో స్టూడియోలో దిగిన బొమ్మ, కింద ‘ఆస్పైరింగ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’ అన్న వరస, దాని కింద బోలెడు ఆశ.

పతనం పెద్ద చప్పుడుతో రాలేదు. 2012 సెప్టెంబరులో ‘ఎండార్స్‌మెంట్’ అనే సదుపాయం వచ్చింది. ఫలానావాడికి జావా వచ్చు, ఫలానా అమ్మాయికి మార్కెటింగ్ వచ్చు అని ఒక్క క్లిక్కుతో ధ్రువీకరించొచ్చు. అంతకుముందు ఒకరిని సిఫారసు చేయాలంటే నాలుగు వాక్యాలు రాయాలి, రాయడానికి ఆ మనిషి గురించి తెలిసుండాలి. ఇప్పుడు తెలియనక్కర్లేదు. నువ్వు నాకు నొక్కితే నేను నీకు నొక్కుతా అన్నారు. పూచీ పోయి లెక్క మిగిలింది. ఎన్ని మెప్పులు, ఎందరు ఫాలోయర్లు, ఎన్ని కామెంట్లు అన్నదే మనిషి విలువైంది. తాలు కలిపిన వడ్లను కుప్ప ఎత్తు చూసి కొన్నట్టు సాగింది బేరం.

లెక్కకు విలువ వచ్చాక లెక్కను అమ్మేవాళ్లు రాకుండా ఉంటారా? అమెరికాలో దెవూమీ అనే కంపెనీ సరిగ్గా ఈ సరుకే అమ్మింది. 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ కంపెనీ గుట్టు బయటపెట్టింది. కనీసం 35 లక్షల దొంగ ఖాతాలను చేతిలో పెట్టుకుని, ఒక్కొక్కదాన్నే మళ్లీ మళ్లీ అమ్ముతూ, ట్విటర్‌లో 20 కోట్ల ఫాలోయర్లను అది పంచిపెట్టింది. మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద, యజమాని మీద చర్య తీసుకుని 25 లక్షల డాలర్ల తీర్పును ఒప్పించింది. ఆ ఫిర్యాదులో మన కథకు పనికొచ్చే సంగతి ఒకటుంది. లింక్డిన్ ఫాలోయర్ల కోసమే ఆ కంపెనీకి 800కు పైగా ఆర్డర్లు వచ్చాయి. కొన్నవాళ్లలో ప్రచార సంస్థలున్నాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి, ఆర్థిక సేవలవాళ్లున్నారు, మనుషుల్ని ఉద్యోగాలకు ఎంపిక చేసే మానవ వనరుల సంస్థలూ ఉన్నాయి. ఇతరుల యోగ్యతను తూచాల్సినవాళ్లే తమ తూకంలో తప్పుడు రాయి వేసుకున్నారు.

కొనే స్తోమత లేనివాళ్లు మార్పిడి పద్ధతి కనిపెట్టారు. దాన్ని ‘పాడ్’ అంటారు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో కొందరు ఒక జట్టు కడతారు. పొద్దున ఒకడు తన పోస్టు లింకు అందులో పెడతాడు. మిగతావాళ్లంతా గంట గడవకముందే పోయి లైకు కొట్టి, ‘గ్రేట్ ఇన్‌సైట్స్’, ‘వెరీ ఇన్‌స్పైరింగ్’, ‘వెల్ సెడ్’ అని కామెంట్లు రాసి, ‘డన్’ అని గ్రూపులో కొట్టాలి. రాయనివాణ్ని వారం చివర తీసేస్తారు. పోస్టు చదివారా లేదా అని ఎవరూ అడగరు. మొదటి గంటలో అంత సందడి చూసిన సైటు యంత్రం దీనిలో ఏదో గొప్ప విషయం ఉందనుకుని వేలమందికి చూపిస్తుంది. తర్వాత్తర్వాత ఈ శ్రమ కూడా తప్పింది. మనిషి నిద్రపోతున్నా అతని పేరుతో కామెంట్లు రాసే సాఫ్ట్‌వేర్లు నెలవారీ అద్దెకు దొరుకుతున్నాయి. ఇలాంటి పనులు నిషిద్ధమని లింక్డిన్ నియమాల్లో ఉంది. నియమం ఉన్న చోటే వ్యాపారమూ ఉంది.

ఇందులో ఎక్కువ నష్టపోయింది పాడ్‌లో లేని పిల్లవాడు. రాత్రంతా కూర్చుని తను చేసిన ప్రాజెక్టు గురించి నిజాయతీగా రాసుకుంటే నలుగురు చూస్తారు. పక్కన ఎక్కడి నుంచో ఎత్తి రాసిన కథకు వేల చప్పట్లు. తనలోనే ఏదో లోపముందని ఆ పిల్లవాడు అనుకుంటాడు. ఆ చప్పట్లు కిరాయివని అతనికి చెప్పేవాళ్లు లేరు. ఆత్మవిశ్వాసం అట్లా కొద్దికొద్దిగా అరిగిపోతుంది. అరిగిపోయిన చోటే ఏజెంటు అడుగుపెడతాడు.

మెప్పులతో ఆగలేదు, మెచ్చేవాళ్లే కల్పితులయ్యారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రెనే డిరెస్టా, జాష్ గోల్డ్‌స్టీన్ లింక్డిన్‌లో వెయ్యికి పైగా కృత్రిమ ముఖాలను పట్టుకున్నారని 2022 మార్చిలో తెలిసింది. కంప్యూటరు తయారుచేసిన ముఖాలు అవి. వాటికి పేర్లు, డిగ్రీలు, ఉద్యోగ అనుభవం అన్నీ ఉన్నాయి. డిరెస్టాకు వచ్చిన ఒక సందేశంలోని ఫొటోను ఆమె దగ్గరగా చూసింది. కళ్లు ఫొటోకు సరిగ్గా మధ్యలో పడ్డాయి. ఒక చెవికే పోగుంది. కొన్ని వెంట్రుకలు వెనకనున్న నేపథ్యంలో కలిసిపోయాయి. అంత తేరిపార చూస్తే తప్ప తెలియలేదు. ఆ ఏడాది మొదటి ఆరునెలల్లోనే రెండు కోట్లకు మించి దొంగ ఖాతాలను ఆపామని లింక్డిన్ తన నివేదికలో చెప్పుకుంది. పట్టుబడినవే అన్ని. క్రిప్టో పెట్టుబడుల పేరిట ఆ సైటులో జరుగుతున్న మోసాలు పెద్ద ముప్పుగా మారాయని 2022 జూన్‌లో ఎఫ్‌బీఐ అధికారి హెచ్చరించాడు.

మన దగ్గరకు ఈ వ్యాపారం ‘రేట్ అండ్ రివ్యూ’ పేరుతో వచ్చింది. ఇంట్లో కూర్చుని గూగుల్‌లో హోటళ్లకు అయిదు చుక్కలివ్వండి, వీడియోలకు లైకు కొట్టండి, డబ్బులిస్తాం అని టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో సందేశాలొచ్చాయి. హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక వ్యక్తి అట్లాగే మొదలుపెట్టాడు. వెయ్యి రూపాయలు పెడితే 866 రూపాయల లాభం వచ్చింది. తర్వాత 25 వేలు పెడితే 20 వేలు లాభం. ఆ నమ్మకంతో పెట్టుకుంటూ పోయి 28 లక్షలు పోగొట్టుకున్నాడు. ఆయన ఫిర్యాదు మీద తీగ లాగిన హైదరాబాద్ పోలీసులు 2023 జులైలో బయటపెట్టిన లెక్క 712 కోట్ల రూపాయలు. దేశమంతటా 15 వేల మంది మోసపోయారని చెప్పారు. డబ్బు క్రిప్టోగా మారి చైనా, దుబాయి దారుల్లో వెళ్లిపోయింది. ఉద్యోగం లేని యువకుడు, ఇంటిపట్టున ఉండే గృహిణి, పింఛనుదారు, అందరికీ అది పనిలాగే కనబడింది. తాము చేసేది తప్పుడు సాక్ష్యం ఇవ్వడమని, దానికే రేటు కట్టారని అప్పటికి ఎవరికీ తట్టలేదు. తప్పుడు మెప్పు రాయడానికి జీతమిచ్చే వ్యవస్థ ఏదైనా చివరికి రాసినవాడినే దోచుకుంటుందని తెలిసేసరికి ఖాతాలు ఖాళీ.

ఈ దారి చివర ఉన్నది కంబోడియా, మయన్మార్. 2022 సెప్టెంబరులోనే విదేశాంగ శాఖ ఒక హెచ్చరిక జారీ చేసింది. థాయ్‌లాండ్‌లో ‘డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్’ ఉద్యోగాలంటూ సోషల్ మీడియా ప్రకటనలతో, దుబాయిలోనూ భారత్‌లోనూ ఉన్న ఏజెంట్లతో ఐటీ చదివిన యువకులకు వల వేస్తున్నారని, అక్కడికి పోయాక సరిహద్దు దాటించి మయన్మార్‌లో బంధిస్తున్నారని అందులో స్పష్టంగా ఉంది. ఆ హెచ్చరిక మన వాడకట్టుల దాకా రాలేదు. ఏజెంటు మాత్రం వచ్చాడు. ‘‘దుబాయి లెక్క ఎండల పని గాదు తమ్మీ, ఏసీల కూసొని టైపింగ్ చేసుడే’’ అన్నాడు. డిగ్రీ చేతిలో పెట్టుకుని రెండేళ్లుగా తిరుగుతున్న పిల్లవాడికి అంతకంటే ఏం కావాలి? గల్ఫ్‌లో నాన్న భవనాల మీద ఎక్కి దిగిన కష్టం తనకు రాదనుకున్నాడు. కంపెనీ పేజీ ఉంది, దానికి ఫాలోయర్లు ఉన్నారు, ‘మంచి యాజమాన్యం’ అని రాసిన ఉద్యోగులున్నారు. ఊళ్లో బావమరిదిని అడిగే రోజులు పోయాయి. తెరమీద అంతమంది చెబుతుంటే అనుమానం ఎందుకొస్తుంది?

సిరిసిల్ల దగ్గరి ఊరి యువకుడొకడు అట్లా కంబోడియా చేరాడు. ఏజెంటుది పక్కనే ఉన్న జగిత్యాల జిల్లా. తీసుకున్నది లక్షా 40 వేల రూపాయలు. అక్కడికి పోయాక కొడుకు పడుతున్న యాతన తెలిసి తల్లి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. 2024 వేసవిలో రాజన్న సిరిసిల్ల జిల్లా పోలీసులు కేసు పెట్టి ఏజెంటును అరెస్టు చేశారు, రాయబార కార్యాలయంతో మాట్లాడి ఆ యువకుణ్ని విడిపించారు. తనలాంటి భారతీయులు అయిదారు వందల మంది ఆ ఒక్క చోటే ఉన్నారని అతను చెప్పాడు. అయిదారు వందలంటే మన దగ్గర ఒక చిన్న పల్లెలో ఉండే జనమంత.

అక్కడ వాళ్లు చేసే పని తెలిస్తే ఈ కథ ఎంత లోతుకు పడిందో తెలుస్తుంది. బయటపడ్డవాళ్లు చెప్పినవి చాలావరకు ఒకే తీరుగా ఉన్నాయి. చేరిన రోజే పాస్‌పోర్టు గుంజుకుంటారు. టైపింగ్ ఎంత వేగంగా వస్తుందో పరీక్ష పెడతారు. ఒక కంప్యూటరు, నాలుగైదు ఫోన్లు ముందు పెడతారు. ఆ ఫోన్లలో అందమైన అమ్మాయిల ఫొటోలతో దొంగ ప్రొఫైళ్లు. ఒకటి బ్యాంకు ఉద్యోగిని, ఇంకొకటి డిజైనరు, మరొకటి పెట్టుబడుల సలహాదారు. లింక్డిన్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్, డేటింగ్ యాప్‌లు, అన్నిట్లో వాళ్లకు ఖాతాలున్నాయి. ఎవరితో ఎట్లా మాట్లాడాలో రాసిచ్చిన కాగితాలున్నాయి. మొదటి రోజు ఉద్యోగం గురించి, మూడో రోజు కుటుంబం గురించి, వారానికి క్రిప్టో గురించి. తర్వాత ఆ మనిషిని ఒక పెట్టుబడి గ్రూపులో చేర్చాలి. గ్రూపులో ఎందరో కనబడతారు. ‘ఈ రోజు నాకు రెండు వేల డాలర్లు వచ్చాయి, థ్యాంక్యూ సర్’ అని ఒకరు, ‘నేను ఇల్లు కొన్నాను’ అని మరొకరు, లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు ఇంకొందరు. అందులో నిజమైన మనిషి ఆ మోసపోబోయేవాడు ఒక్కడే. మిగతా గొంతులన్నీ ఒకే హాలులో, ఒకే వరసలో కూర్చున్న పిల్లలవి. పాడ్‌లో సరదాగా నడిచిన కిరాయి మెప్పే ఇక్కడ కర్ర చూపించి రాయిస్తున్న మెప్పయింది. టార్గెట్ కాకపోతే జీతం కోత, తిండి కోత, దెబ్బలు, కరెంటు షాకులు. ఇంటికి పోతానంటే వేల డాలర్లు కట్టమంటారు. లేకుంటే ఇంకో కంపెనీకి అమ్మేస్తారు.

తనను మోసం చేసిన పద్ధతితోనే మరొకణ్ని మోసం చేయాల్సి రావడం కంటే పెద్ద పతనం ఏముంది? నాన్న గల్ఫ్‌లో దెబ్బతిన్నా తన కష్టం తనదని చెప్పుకోగలిగాడు. ఈ కొడుక్కి ఆ గౌరవం కూడా మిగల్చలేదు. ఫోనుకు అటువైపు ఉన్నది అమెరికాలో ఒంటరి వృద్ధుడు కావచ్చు, హైదరాబాద్‌లో పింఛను డబ్బు దాచుకున్న టీచరు కావచ్చు. తన వేళ్లతోనే వాళ్ల ఇల్లు కూల్చాలి. కూల్చకపోతే తన ఒళ్లు చీలుతుంది. చట్టం దృష్టిలో అతను బాధితుడా, నిందితుడా అని తిరిగొచ్చాక విచారించాల్సి వస్తోంది.

ఇది పదిమందికో ఇరవైమందికో పట్టిన దుర్గతి అయితే ఇంత దుఃఖం అక్కర్లేదు. మయన్మార్‌లో కనీసం లక్షా 20 వేల మంది, కంబోడియాలో సుమారు లక్షమంది ఇలాంటి నిర్బంధంలో ఉండొచ్చని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం లెక్కగట్టింది. 2022 జనవరి నుంచి 2024 మే దాకా మనదేశం నుంచి విజిటర్ వీసాల మీద కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాంలకు వెళ్లినవాళ్లు 73,138 మంది. వాళ్లలో 29,466 మంది తిరిగిరాలేదని ఇమ్మిగ్రేషన్ శాఖ లెక్కల్లో తేలింది. అందులో సగానికి పైగా, 17,115 మంది, 20 నుంచి 39 ఏళ్లలోపువాళ్లు. అందరూ ఆ మోసాల ప్రాంగణాల్లోనే ఉన్నారని చెప్పలేం. కానీ ప్రతి అంకె వెనుక ఫోను మోగుతుందేమోనని చూసే ఒక ఇల్లుంది.

2024 మే 20న కంబోడియాలోని సిహానౌక్‌విల్‌లో దాదాపు 300 మంది భారతీయులు తిరగబడ్డారు. ఆంధ్రప్రదేశ్ నుంచి పోయినవాళ్లు వాళ్లలో ఎందరో. రోడ్డు మీదికొచ్చి మమ్మల్ని ఇంటికి పంపండని మొరపెట్టుకున్న వీడియోలు విశాఖపట్నం పోలీసులకు చేరాయి. మొదటి విడతలో 60 మందిని రాయబార కార్యాలయం స్వదేశానికి పంపింది. 2025 మార్చి 10, 11 తేదీల్లో థాయ్‌లాండ్ సరిహద్దులోని మే సాట్ నుంచి వాయుసేన విమానాలు మయన్మార్ ముఠాల చేతిలో చిక్కిన 549 మందిని తెచ్చాయి. ఆ అక్టోబరులో మయావడి దగ్గరి కేకే పార్క్ అనే మోసాల ప్రాంగణం మీద మయన్మార్ సైన్యం దాడి చేస్తే వందలాది మంది భారతీయులు సరిహద్దు ఏరు దాటి థాయ్‌లాండ్‌లోకి పారిపోయారు. నవంబరు 6న 270 మంది, 10న 197 మంది వెనక్కి వచ్చారు. ప్రతిసారీ ఆ విమానాల్లో తెలుగు పిల్లలున్నారు.

గల్ఫ్ నుంచి వచ్చినవాడికి వాడకట్టంతా ఎదురొచ్చేది. వీళ్ల రాక వేరు. వడ్డీకి తెచ్చిన అప్పు అట్లాగే ఉంది, అమ్మ బీడీ చాట ముందు నుంచి ఇంకా లేవలేదు. ‘‘ఏం పని చేసినవ్ రా బిడ్డా ఆడ?’’ అని అడిగితే చెప్పలేని పని. చెప్పకపోతే నమ్మరు, చెబితే దొంగ అంటారు. అసలైన ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందామంటే రెండేళ్ల ఖాళీకి ఏం రాయాలో తెలియదు. నిజమైన కంపెనీ నుంచి నిజమైన పిలుపొచ్చినా ఇప్పుడు చేయి వణుకుతుంది. దోచుకున్న డబ్బు ఎంతో కొంత లెక్కకు వస్తుంది. పోయిన నమ్మకానికి లెక్క కట్టే పద్ధతి లేదు. ఆ పరిచయాల సైటు అవసరం ఎవరికి అన్నిటికంటే ఎక్కువో, ఏ అండా లేని ఆ పల్లె పిల్లవాడే దాన్ని చూసి భయపడే స్థితికి వచ్చాడు. ఈ గాథలో అసలు నష్టం ఇదే.

చట్టాలు ఆలస్యంగానైనా కదిలాయి. ఆన్‌లైన్ రివ్యూల కోసం మనదేశం 2022 నవంబరులో ఐఎస్ 19000 ప్రమాణాలు తెచ్చింది. దొంగ రివ్యూలను, కొనుక్కున్న ఫాలోయర్లను నిషేధించే అమెరికా నిబంధన 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. లింక్డిన్ సభ్యుల గుర్తింపును ధ్రువీకరించే ఏర్పాటు చేసింది. మోసపోయినవాళ్లు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయొచ్చు. విదేశీ ఉద్యోగమంటే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగొచ్చు, ఏజెంటుకు లైసెన్సుందో లేదో కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. ఇవన్నీ కావాలి. కానీ గుర్తింపు కార్డు మనిషి ఉన్నాడని మాత్రమే చెబుతుంది, అతని మాట నిజమని చెప్పదు. ఆ పని మనిషే చేయాలి.

అందుకే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి పోయి ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను అడగాల్సింది ఉంది. మీ ఊరి పిల్లవాడు పెట్టిన మెసేజికి జవాబివ్వండి. ‘ఈ కంపెనీ నిజమేనా అన్నా’ అని అడిగితే పది నిమిషాలు ఖర్చుపెట్టి వెతికి చెప్పండి. అతని పని బాగుంటే ఎందుకు బాగుందో మీ పేరుతో నాలుగు వాక్యాలు రాయండి. బాగాలేకపోతే అతనికే విడిగా చెప్పండి. చదవని పోస్టుకు చప్పట్లు కొట్టకండి, ఎరగని మనిషికి పూచీ పడకండి. ఒకనాడు ఎర్రటెండలో పనిచేసిన అక్షరం రాని బావమరిది తన మాటకు తాను నిలబడ్డాడు. చదువుకున్న మనం అంతకు తక్కువ నిలబడటానికి వీల్లేదు.